విల్ట్‌షర్ సుద్ద కొండల మీద సమాధి దిబ్బలను గుర్తుపట్టడం ఎలా?

ఇంగ్లండ్‌లోని విల్ట్‌షర్‌లో ఉన్న స్టోన్‌హెంజ్ రాతి వలయం చూడ్డానికి వచ్చిన మనవాళ్ళలో చాలామంది రాళ్ళ దగ్గర ఫొటోలు దిగి కారెక్కేస్తారు. చుట్టుపక్కల పొలాల్లో కనిపించే పచ్చటి దిబ్బలను పట్టించుకోరు. నాకు మాత్రం ఆ దిబ్బలంటేనే ప్రాణం. సెలవు దొరికితే చాలు, వాటి వెంటే తిరుగుతాను. ఒక్క అలవాటు చేసుకుంటే మీరూ వాటిని ఇట్టే పోల్చుకోగలరు: దిబ్బ కన్నా ముందు దాని పక్కనున్న కందకాన్ని చూడండి.

దిబ్బకు కావలసిన సుద్దను చాలావరకు ఆ పక్కనే తవ్వి పోశారు. అందుకే కందకం ఆకారం చూస్తే దిబ్బ ఏ రకమో తెలుస్తుంది. దిబ్బ పొడవుగా ఉండి, ఒక చివర, ఎక్కువగా తూర్పు వైపు, ఎత్తుగా వెడల్పుగా ఉండి, రెండు పక్కలా కందకాలు సాగితే అది లాంగ్ బారో (బారో అంటే సమాధి దిబ్బ). అయిదున్నర వేల ఏళ్ళ కిందటి నవీన శిలాయుగం వాళ్ళ పని. కందకం గుండ్రంగా చుట్టి వస్తే రౌండ్ బారో. ఇవి ఎక్కువగా కంచు యుగానివి, సుమారు క్రీ.పూ. 2200 నుంచి 1500 మధ్యవి.

గుండ్రటి వాటిలో మళ్ళీ రకాలున్నాయి. దిబ్బ అంచునే కందకం ఉంటే బౌల్ బారో. దిబ్బకూ కందకానికీ మధ్య చదునుగా కాస్త జాగా వదిలితే బెల్ బారో. విశాలమైన చదునైన వలయం, నడుమ చిన్న మట్టికుప్ప, చుట్టూ కందకం, దాని బయట గట్టు ఉంటే డిస్క్ బారో. అసలు దిబ్బే లేకుండా గట్టు కట్టిన గుంటలా ఉంటే పాండ్ బారో. పశువుల నీళ్ళ కోసం రైతులు తవ్విన పాత కుంటలు కూడా ఇలాగే కనిపిస్తాయి కాబట్టి, పక్కన వేరే బారోలు ఉన్నాయేమో చూసుకోండి.

ఇవన్నీ ఒకేచోట చూడాలంటే స్టోన్‌హెంజ్‌కు పడమరగా, ఏ303, ఏ360 రోడ్లు కలిసే చోట ఉన్న వింటర్‌బోర్న్ స్టోక్ బారోల దగ్గరికి వెళ్ళండి. కూడలి దగ్గర ముందు లాంగ్ బారో ఉంటుంది. వెయ్యేళ్ళకు పైగా గడిచాక వచ్చినవాళ్ళు తమ గుండ్రటి దిబ్బలను సరిగ్గా దాని వరుసలోనే పేర్చారు. అక్కడ నిలబడి ఆ వరుస వెంట చూపు సారించినప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

వెలుగు ముఖ్యం. మా అక్క వచ్చినప్పుడు మధ్యాహ్నం పూట డిస్క్ బారో నడుమ నిలబడి, "ఏదిరా, ఎక్కడ?" అంది. సూర్యుడు దిగాక అదే గడ్డి మీద కందకం నీడ నల్లటి గీతలా తేలింది, దాని బయట గట్టు మెరిసింది. చలికాలం సాయంత్రాలే దీనికి మంచివి. ఎండాకాలం వానలు లేకపోతే ఇంకో గుర్తు దొరుకుతుంది: సుద్ద మీద మట్టి పలచన, గడ్డి త్వరగా పసుపెక్కుతుంది, పూడిన కందకంలో మట్టి మందం, అక్కడ పచ్చగానే ఉంటుంది.

ఈ పూడిక ఎలా జరుగుతుందో తెలుసుకోవడానికి 1960లో ఓవర్టన్ డౌన్ అనే సుద్ద కొండ మీద పురావస్తు శాస్త్రవేత్తలు సొంతంగా ఒక గట్టూ కందకమూ తవ్వారు. 1962 మొదలుకొని కొన్ని కొన్ని ఏళ్ళకోసారి దాన్ని కోసి చూస్తున్నారు. మంచుకు సుద్ద గోడలు పగిలి రాలి, మొదటి కొన్నేళ్ళలోనే అడుగు చాలా పూడిపోయింది. అంటే మనకు ఇప్పుడు కనిపించే మెత్తటి పల్లం ఒకప్పుడు నిట్టనిలువు తెల్ల గోడల కందకమన్నమాట. ఏవ్‌బరీ రాతి వలయం చుట్టూ ఉన్న కందకమైతే మొదట దాదాపు 9 మీటర్ల లోతు. దాన్ని జింక కొమ్ములతో తవ్వారు!

దిబ్బ నెత్తిన గుంట కనిపిస్తే అది పాతకాలపు తవ్వకాల గుర్తు కావచ్చు. 19వ శతాబ్దం మొదట్లో విలియం కన్నింగ్టన్, రిచర్డ్ కోల్ట్ హోర్ అనే పురావస్తు పరిశోధకులు ఇక్కడ వందల దిబ్బలు తవ్వించారు. 1808లో స్టోన్‌హెంజ్ దగ్గరి బుష్ బారోలో దొరికిన బంగారు పలక డివైజెస్‌లోని విల్ట్‌షర్ మ్యూజియంలో ఉంది, తప్పక చూడండి.

బయల్దేరే ముందు ఆర్డ్‌నెన్స్ సర్వే ఎక్స్‌ప్లోరర్ మ్యాపులు 130, 157 దగ్గర పెట్టుకోండి. పురాతన కట్టడాల పేర్లు వాటిలో పాతకాలపు వంకర అక్షరాల్లో ఉంటాయి. సాలిస్‌బరీ ప్లెయిన్‌లో ఎర్ర జెండా ఎగురుతుంటే లోపలికి వెళ్ళకండి, అది సైన్యం కాల్పుల చోటు. ఏవ్‌బరీ దగ్గర మనుషులు పోసిన సిల్బరీ కొండ ఎక్కనివ్వరు. రక్షిత కట్టడాల మీద అనుమతి లేకుండా మెటల్ డిటెక్టర్ వాడటం 1979 చట్టం ప్రకారం నేరం. వెస్ట్ కెన్నెట్ లాంగ్ బారో లోపలికి మాత్రం ఉచితంగా వెళ్ళొచ్చు, టార్చి తీసుకెళ్ళండి. వాన పడితే గట్టి పట్టున్న బూట్లు వేసుకోండి, తడి సుద్ద మీద కాలు నిలవదు.