సుదూర పందేలకు మౌంటెన్ బైక్: వెనక షాక్ ఎప్పుడు కావాలి, ఎప్పుడు వద్దు

వంద కిలోమీటర్లు దాటిన మౌంటెన్ బైక్ పందేనికి పేరు ఇచ్చుకున్నవారికి ముందుగా ఎదురయ్యే ప్రశ్న హార్డ్‌టెయిల్ కొనాలా, ఫుల్ సస్పెన్షన్ కొనాలా అన్నది. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్ మాత్రమే కుంగుతూ వెనక భాగం కదలకుండా ఉండేది హార్డ్‌టెయిల్. వెనక చక్రానికి కూడా షాక్ (దెబ్బను మింగుతూ కుంగే భాగం) ఉండేది ఫుల్ సస్పెన్షన్. దుకాణంలో అడిగితే సాధారణంగా బరువు, ధర గురించి చెబుతారు. ఆ రెండూ లెక్కలోకి తీసుకోవలసినవే గానీ ఆలోచన అక్కడ మొదలుకాకూడదు. పందెంలో ఆరో గంట తరువాత వచ్చే దారి ఎలాంటిది, ఆ గతుకుల మీద మీరు సీటు దిగకుండా పెడల్ తొక్కగలరా లేదా అన్నది ముందుగా తేల్చుకోవాలి.

గతుకుల దారిలో హార్డ్‌టెయిల్ మీద కూర్చుంటే వెనక చక్రానికి తగిలిన ప్రతి దెబ్బా నేరుగా నడుముకు చేరుతుంది కనుక, మనిషి పెడల్ ఆపి లేచి నిలబడతాడు. మొదటి రెండు గంటల్లో అదేమంత కష్టం కాదు. కాళ్లు అలసిన తరువాత మాత్రం, అలా లేచిన ప్రతిసారీ కొంత వేగం పోతుంది, తిరిగి దాన్ని అందుకోవడానికి మరికొంత శక్తి ఖర్చవుతుంది. వెనక షాక్ ఉన్న బైకు మీద అదే దారిలో కూర్చునే తొక్కుతూ పోవచ్చు. పైగా రాళ్లు కదిలే ఎత్తులో వెనక టైరు నేలను వదలకపోవడం వల్ల పట్టు కూడా నిలుస్తుంది.

అందుకే ఒక్కో పందెం ఒక్కో బైకును కోరుతుంది. కెనడాలోని బ్యాన్ఫ్ నుంచి అమెరికాలో న్యూ మెక్సికో సరిహద్దున ఉన్న ఆంటెలోప్ వెల్స్ వరకు, ఎవరి సహాయమూ లేకుండా దాదాపు 4,400 కిలోమీటర్లు సాగే టూర్ డివైడ్‌లో ఎక్కువ భాగం కంకర, మట్టి రోడ్లే. సామాను సంచులు కట్టుకోవడానికి ఫ్రేమ్‌లో చోటు కావాలి, మెకానిక్ దొరకని చోట చెడిపోయే భాగాలు ఎంత తక్కువ ఉంటే అంత మేలు. అక్కడ హార్డ్‌టెయిల్‌కే నా ఓటు. కొలరాడోలోని లెడ్‌విల్ పందెం వంద మైళ్లది. సుమారు 3,100 మీటర్ల ఎత్తున ఉన్న ఊరిలో మొదలై, కొలంబైన్ గని దగ్గర 3,800 మీటర్ల దాకా ఎక్కి, వచ్చిన దారినే తిరిగి వెళుతుంది. పవర్‌లైన్ అనే నిటారు, గాడులు పడిన వాలును తీసేస్తే దారిలో అధిక భాగం మట్టిరోడ్డే కాబట్టి మంచి హార్డ్‌టెయిల్ అక్కడ చాలు.

దక్షిణాఫ్రికాలో 2004 నుంచి జరుగుతున్న కేప్ ఎపిక్ సంగతి వేరు. ఇద్దరేసి జట్లుగా, ఎనిమిది రోజుల పాటు, రాళ్లు, ఇసుక, ఇరుకు బాటల మీదుగా ఆరు వందల కిలోమీటర్లకు పైగా తొక్కాలి. 2019లో గెలిచిన నినో షుర్టర్, లార్స్ ఫోర్‌స్టర్ జంట నడిపినవి ఫుల్ సస్పెన్షన్ బైకులే. అంత నైపుణ్యం ఉన్నవారికే వెనక షాక్ అవసరమనిపించినప్పుడు, వారికంటే ఎంతో ఎక్కువసేపు ఆ రాళ్ల మీద గడపవలసిన సామాన్యులకు అది మరింత అవసరం. మన రైడర్లకు అందుబాటులో ఉన్న హిమాచల్ పందేలలో జీపు దారులూ, తారు లేచిపోయిన ఘాట్ రోడ్లూ, తోటల మధ్య కాలిబాటలూ కలిసి ఉంటాయి. ఏ రకం దారి ఎక్కువో ఆ యేడు ప్రకటించిన మార్గం చూసి తేల్చుకోవాలి.

ఇక బరువు. ఒకే స్థాయి భాగాలతో వచ్చే రెండు బైకుల మధ్య తేడా సుమారు ఒకటి నుంచి ఒకటిన్నర కిలో. మనిషి, బైకు, నీళ్లు కలిపి 85 కిలోలు అనుకుంటే ఒకటిన్నర కిలో రెండు శాతం లోపే. గంట పట్టే ఎత్తులో అది దాదాపు ఒక్క నిమిషం. నాలుగు గంటలు ఎక్కవలసిన పందెంలో నాలుగైదు నిమిషాలు నష్టపోతారన్నమాట. నున్నని రోడ్డు మీద ఆ నష్టం తిరిగి రాదు, రాళ్ల దారిలో మాత్రం ఒక్క పొడవాటి వాలులోనే తిరిగి రావచ్చు.

ధర విషయంలో నా అభిప్రాయం కొంచెం కఠినమైనదే. బడ్జెట్ తక్కువైతే చవక ఫుల్ సస్పెన్షన్ జోలికి పోకూడదు. స్ప్రింగు తప్ప లోపల సరైన డ్యాంపింగ్ (స్ప్రింగు ఊపును అదుపు చేసే ఏర్పాటు) లేని వెనక షాక్ ఎక్కేటప్పుడు ఊగుతుంది, దిగేటప్పుడు మనిషిని ఎగరేస్తుంది. అదే డబ్బుతో గాలి నింపే ఎయిర్ ఫోర్క్ ఉన్న హార్డ్‌టెయిల్, 2.3 లేదా 2.4 అంగుళాల ట్యూబ్‌లెస్ టైర్లు వస్తాయి. ట్యూబ్‌లెస్‌లో గాలి తగ్గించడం వల్ల కలిగే సుఖాన్ని చాలామంది తక్కువగా అంచనా వేస్తారు: 70 కిలోల మనిషి ముందు టైరుకు 20 పీఎస్ఐ (గాలి పీడనం కొలత) దరిదాపుల్లో మొదలుపెట్టి, వెనక ఒకటి రెండు పీఎస్ఐ ఎక్కువ ఉంచి, రిమ్ము రాయికి తగలనంతవరకు కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ పోవాలి.

ఫుల్ సస్పెన్షన్ తీసుకుంటే 100 నుంచి 120 మిల్లీమీటర్ల ట్రావెల్ (చక్రం పైకీ కిందికీ కదలగల దూరం) చాలు. కొన్న వెంటనే స్యాగ్ (మనిషి కూర్చోగానే షాక్ కుంగే దూరం) సరిచూసుకోవాలి. పందెం రోజు వేసుకునే దుస్తులు, షూలు, నీళ్ల బ్యాగుతో గోడ పట్టుకొని బైకు మీద కూర్చోవాలి. షాక్‌ను కుంగకుండా బిగించే లాకౌట్ తీసి ఉండాలి. షాక్ మీది రబ్బరు రింగును సీలు దాకా జరిపి, ఊపు ఇవ్వకుండా మెల్లగా దిగి, రింగు ఎంత దూరం జరిగిందో కొలవాలి. షాక్ స్ట్రోక్ (అది పూర్తిగా కుంగగల దూరం) 45 మిల్లీమీటర్లైతే 11 మిల్లీమీటర్ల దగ్గర రింగు ఆగడం మంచి ఆరంభం. అంతకంటే ఎక్కువ కుంగితే షాక్ పంపుతో గాలి పెంచాలి. లాకౌట్ మీట హ్యాండిల్ మీద, బొటనవేలికి అందేలా ఉండాలి. చేయి వదిలి కిందికి వంగి తిప్పవలసి వస్తే అలసిన మనిషి దాన్ని వాడనే వాడడు, లేదా వేసి మరిచిపోయి వాలంతా అలాగే దిగుతాడు.

ఫ్రేమ్‌లో రెండు నీళ్ల సీసాలు పడతాయో లేదో దుకాణంలోనే సీసాలు పెట్టి చూడాలి. షాక్ అడ్డు వచ్చి ఒక్కటే పట్టే ఫ్రేములు ఉన్నాయి, అప్పుడు మిగతా నీళ్లు వీపు మీద మోయక తప్పదు. సర్వీసు లెక్క కూడా ముందే వేసుకోవాలి. షాక్‌లో గాలి నిండే డబ్బాను, అంటే ఎయిర్ క్యాన్‌ను 50 గంటలకొకసారి విప్పి శుభ్రం చేసి నూనె వేయమని రాక్‌షాక్స్ వంటి తయారీదారులు సూచిస్తారు. ఎనిమిది రోజుల పందెంలో సాధారణ పోటీదారుకు ఇంచుమించు ఆ గంటలన్నీ అయిపోతాయి. కాబట్టి పందేనికి రెండు మూడు వారాల ముందు ఆ పని చేయించి, వెనక చక్రాన్ని పట్టుకుని పక్కలకు కదిపి చూసి, పివట్ (వెనక భాగం కదిలే కీలు) దగ్గర ఏమాత్రం వదులు తెలిసినా ఆ బేరింగులు మార్పించి, ఆ తరువాత కనీసం ఒక పొడవాటి రైడ్ చేసి గాని బైకును పెట్టెలో సర్దకూడదు.