బైకు ఇన్సూరెన్స్ రెన్యువల్ రేట్లు పోల్చాలంటే ముందు అన్నింట్ల బండి విలువ (ఐడీవీ) ఒకటే పెట్టాలె

బైకు కొని ఏడాది కావస్తుందనంగ ఇన్సూరెన్స్ రెన్యువల్ కోసం షోరూం ఒక రేటు చెప్పింది, హన్మకొండల తెలిసిన ఏజెంటు ఇంకోటి, ఫోన్‌ల చూస్తే మరోటి. "కొత్తగా నడిపేటోనివి, నీకు ఎక్కువనే పడ్తది" అని దోస్తులు. థర్డ్ పార్టీకి, అంటే మన బండితోని వేరేటోళ్లకు జరిగే నష్టానికి కట్టే బీమాకు, ఆ లెక్కనే లేదు. దాని రేటు కేంద్రం ఇంజన్ సీసీని బట్టి పెడ్తది: 2022 జూన్ రేట్ల ప్రకారం 75 నుంచి 150 సీసీ దాకా ఏడాదికి 714, ఆపైన 350 దాకా 1,366 రూపాయలు, జీఎస్టీ వేరే. పైగా 2018 సెప్టెంబర్ నుంచి కొత్త బండికి 5 ఏండ్ల థర్డ్ పార్టీ కొన్నప్పుడే కట్టాలె. అంటే నాకు కావాల్సింది ఓన్ డ్యామేజ్ (మన బండికే అయ్యే నష్టానికి బీమా) ఒక్కటే. షోరూం కొటేషన్‌ల మాత్రం థర్డ్ పార్టీ మళ్లా కలిపిన్రు! అడిగితే తీసేసిన్రు.

అసలు తిరకాసు ఐడీవీల, అంటే కంపెనీ మన బండికి కట్టే విలువల ఉంది. బండి దొంగలపాలైతే వచ్చే పైసలకు అదే హద్దు. అగ్గువ కనిపించిన కొటేషన్‌ల అది బాగా తక్కువ పెట్టిన్రు. అన్నింట్ల ఒకటే ఐడీవీ పెట్టి, ముందే టిక్కు కొట్టి ఉన్న యాడ్-ఆన్‌లు (పైసలు ఎక్కువ కట్టి తీసుకునే అదనపు కవర్లు) తీసేసి చూసిన. తేడా చాలావరకు కరిగిపోయింది. ఏడాదంత క్లెయిమ్ లేదు కాబట్టి 20 శాతం నో క్లెయిమ్ బోనస్ తగ్గింపు పడ్డదా అన్నది కూడ చూసుకున్న.

ఒక్క ఇంజన్ ప్రొటెక్షన్ మాత్రం ఉంచిన. 2023 జూలై వానలకు నయీంనగర్ నాలా పొంగిన ఊరు మాది. నీళ్లు పోయి ఇంజన్ చెడిపోతే మామూలు పాలసీ సాధారణంగ ఇయ్యదు. చివరికి ఏజెంటన్న దగ్గర్నే తీసుకున్న. రేటు దాదాపు అంతే, క్లెయిమ్ వస్తే మనిషి ఎదురుంగ ఉంటడు.