డివిడెండ్ శాతం చూసి మురిసిపోకండి
గాజువాక రోడ్డు మీద కంటైనర్ లారీలు చూసినప్పుడల్లా కాంకర్ (కంటైనర్లు రవాణా చేసే ప్రభుత్వరంగ కంపెనీ, కంటైనర్ కార్పొరేషన్) షేర్ కొందామనిపించేవాళ్లకి ఒక మాట. "40 శాతం డివిడెండ్" (లాభంలోంచి షేరుదారులకి పంచే డబ్బు) అని వార్తొస్తే అది మీరు పెట్టిన డబ్బు మీద కాదు, 5 రూపాయల ముఖవిలువ (షేరుకి కాగితం మీద ఉండే విలువ, మార్కెట్ ధర కాదు) మీద, అంటే షేరుకి చేతికొచ్చేది 2 రూపాయలే. పాత లెక్కలతో పోల్చేటప్పుడు ఇంకో తిరకాసుంది: 2025లో 4 షేర్లకి 1 బోనస్‌గా ఉచితంగా ఇచ్చారు, 4 షేర్లు కాస్తా 5 అయ్యాయి కాబట్టి అంతకుముందు షేరుకి ఇచ్చిన డివిడెండ్‌ని 1.25తో భాగించి చూడాలి, లేకపోతే కంపెనీ తగ్గించేసిందని అనవసరంగా కంగారు పడతారు (నేను పడ్డాను, పెన్నూ కాగితం తీసుకుని కూర్చున్నాకే తేలింది). ఐదేళ్లవి వరసగా రాసుకోండి, పక్కనే ఆ ఏడాది ఈపీఎస్ (ఒక్కో షేరుకి వచ్చిన లాభం) కూడా. లాభం పడిపోతున్నా డివిడెండ్ పెరుగుతుంటే నాకైతే అనుమానమే. సగానికి పైగా వాటా కేంద్రానిదే మరి, డివిడెండ్ కోసం మనకన్నా ముందు ఎదురుచూసేది వాళ్లే.