బిగ్ బోర్ కిట్ బిగించే ముందు జాగ్రత్తలు

600 సీసీ మౌంటెన్ స్నోమొబైల్‌కి (కొండల్లో మంచు మీద నడిపే బండి) బిగ్ బోర్ కిట్, అంటే పెద్ద సిలిండర్లు, పిస్టన్లు వేస్తున్నారా? ముందు ఇవి చూసుకోండి.

• పాత ఇంజిన్‌కి కంప్రెషన్, లీక్ టెస్టులు చేయించండి. క్రాంక్ బేరింగ్ అరిగి ఉంటే కొత్త పిస్టన్లూ దక్కవు.

• పిస్టన్ రింగును ఒక్కదాన్నే సిలిండర్‌లోకి దించి, పిస్టన్‌తో నెట్టి సమంగా కూర్చోబెట్టండి. రింగు రెండు కొసల మధ్య సందును ఫీలర్ గేజ్‌తో (సందులు కొలిచే పలుచటి రేకులు) కొలవండి. కిట్‌తో వచ్చిన కాగితంలో రాసినదానికన్నా తక్కువుంటే, వేడికి కొసలు కలుసుకుని సిలిండర్ గోడను గీసేస్తాయి. ఇక్కడ తొందర అస్సలు వద్దు.

• కార్బ్యురేటర్ బండైతే జెట్లు (పెట్రోలు ఎంత వెళ్లాలో నిర్ణయించే చిన్న రంధ్రాల ముక్కలు) మీరు నడిపే ఎత్తుకే సెట్ చేయాలి. అమెరికాలోని వ్యోమింగ్‌లో టోగొటీ పాస్ (కనుమ) 2,900 మీటర్ల పైనే ఉంది. అక్కడి పలుచటి గాలికి సరిపోయిన జెట్లతో కింద లోయలో తిప్పితే పెట్రోలు చాలక పిస్టన్ కాలిపోతుంది.

• పెరిగిన ఇంజిన్ శక్తికి తగ్గట్టు క్లచ్ లోపలి బరువులూ మార్చాలి.

• కూలెంట్ వేడెక్కేదాకా థ్రాటిల్ గట్టిగా నొక్కొద్దు.

• మొదటి రైడ్ ఒంటరిగా వద్దు. అవలాంచ్ బీకన్ (మంచుచరియల కింద చిక్కుకుంటే మీరెక్కడున్నారో సిగ్నల్ పంపే పరికరం) ఒంటికే కట్టుకోండి, బండి బ్యాగులో కాదు.