థండర్‌బర్డ్‌లో మెయిళ్లు ముక్కలుగా కనిపిస్తే: నాకు పనిచేసిన మార్గం

నేను కంప్యూటర్‌లో మెయిళ్లు చదివే ప్రోగ్రామ్ థండర్‌బర్డ్. అందులో రైలు టికెట్లు, కరెంటు బిల్లుల మెయిళ్లలో పట్టికలు, రంగులు, బటన్లు పోయి ఉత్త అక్షరాలు, బారెడు లింకులే మిగిలాయి. అవే మెయిళ్లు ఫోన్‌లో బాగానే ఉన్నాయి.

ఫాంట్లు మార్చాను, యాడ్‌ఆన్లు ఆపాను, రిమోట్ కంటెంట్‌కి (ఇంటర్నెట్ నుంచి తెచ్చుకునే బొమ్మల్లాంటివాటికి) అనుమతిచ్చాను, చివరికి ప్రోగ్రామే తీసేసి మళ్లీ వేశాను, ఏదీ పనిచేయలేదు. (తీసేసినా మన మెయిళ్లు, సెట్టింగులు దాచే ప్రొఫైల్ ఫోల్డర్ అలాగే ఉంటుంది, పాత సెట్టింగూ దాంతోపాటే. ఇది తెలియక ఒక సాయంత్రం పోయింది.)

దారి దొరికింది కంట్రోల్ + యూ నొక్కినప్పుడు. అప్పుడు తెరుచుకున్న మెయిల్ సోర్సులో, అంటే మెయిల్ అసలు రూపంలో, టెక్స్ట్/ప్లెయిన్ (ఉత్త అక్షరాలు), టెక్స్ట్/హెచ్‌టీఎంఎల్ (పట్టికలు, రంగులతో ఉండేది) రెండు భాగాలూ ఉన్నాయి. అంటే పంపినవాళ్ల తప్పు లేదు, నా దగ్గర మొదటి భాగాన్నే చూపిస్తోంది.

తర్వాత ఆల్ట్ కీ నొక్కాను, దాగి ఉన్న మెనూ బార్ పైన వచ్చింది. అందులో వ్యూ, దాని కింద ‘మెసేజ్ బాడీ యాజ్’. అక్కడ టిక్కు ‘ప్లెయిన్ టెక్స్ట్’ మీద ఉంది! ఎప్పుడో నేనే నొక్కి ఉంటాను. ‘ఒరిజినల్ హెచ్‌టీఎంఎల్’కి మార్చగానే పట్టికలు తిరిగొచ్చాయి. మధ్యలో ఉండే ‘సింపుల్ హెచ్‌టీఎంఎల్’ కూడా చూశాను గానీ, అది చాలా స్టైళ్లను తీసేస్తుంది, పట్టికలు వంకరగానే ఉన్నాయి.

బొమ్మల చోటు ఖాళీగా ఉంటే మాత్రం కంగారొద్దు, రిమోట్ బొమ్మల్ని ఆపడం థండర్‌బర్డ్ మామూలు పద్ధతే. నమ్మకమైన మెయిల్ అయితేనే అనుమతివ్వండి.

ఇది నా కంప్యూటర్‌లో పనిచేసింది. మీ మెయిల్ సోర్సులో హెచ్‌టీఎంఎల్ భాగమే లేకపోతే ఈ మార్పు వల్ల ఉపయోగం ఉండదు.