పాడి పాఠాలు – 4: దుడ్డె బొడ్డుకు చీము పట్టకుండా

పోయిన పాఠంలో బర్రె ఈనేదాకా చూశాం. ఇప్పుడు నేల మీద పడ్డ దుడ్డె సంగతి. అది నాకించుకుని లేచేలోపే, అంటే మొదటి అరగంటలోనే, బొడ్డుకు మందు పట్టాలి.

పైకి తడి తోలుముక్కలా కనబడే ఆ బొడ్డుతాడులోంచి ఒక సిర నేరుగా కార్జానికి పోతుంది. రెండు ధమనులు వెనక్కి, ఒక గొట్టం మూత్రాశయానికి పోతాయి. తాడు తెగిన కొత్తలో ఈ తోవలన్నీ తెరిచే ఉంటాయి. వానకాలం నల్లగొండ, పాలమూరు పల్లెల్లో కొట్టం నేలంతా పేడ, ఉచ్చ కలిసిన బురదే. పచ్చి బొడ్డు దానికి తగిలితే సూక్ష్మక్రిములు లోపలికెక్కి, నెత్తురులో కలిసి కీళ్లకు చేరతాయి. వారం పది రోజులకు మోకాలు వాస్తే దెబ్బ తగిలిందనుకుని కాలికి కట్టు కడతారు. ముందు బొడ్డు చూడండి.

తాడు దానంతటదే తెగితే కత్తిరించొద్దు. నేలకు రాసుకునేంత పొడుగుంటేనే, కడుపుకు రెండు వేళ్ల కింద మరిగించిన దారంతో బిగించి, ముడికి అరంగుళం కింద కొత్త బ్లేడుతో కోయండి. చిన్న కప్పులో 7 శాతం టింక్చర్ అయోడిన్ పోసి, కప్పు అంచు కడుపుకు ఆనేలా పట్టి, తాడు మొదలుదాకా అర నిమిషం ముంచండి. పైపైన చల్లితే మొదలు తడవదు. కప్పులో మిగిలింది పారబోయండి, సీసాలో మళ్లీ కలపొద్దు. ఆ మందు దొరక్కపోతే పోవిడోన్ అయోడిన్ వాడండి. పూటకోసారి, మూడు రోజులు. పేడ, బూడిద మాత్రం పెట్టొద్దు. ధనుర్వాతం క్రిములు ఉండేదే పేడలో, మట్టిలో.

మాయ పడేదాకా ముర్రుపాలు తాగనియ్యకపోవడం ఇంకా చాలా ఊళ్లలో ఉంది. దయచేసి మానండి. క్రిములతో పోరాడే బలం దుడ్డెకు ఆ పాలతోనే వస్తుంది. 30 కిలోల దుడ్డెకు మొదటి రోజు మూడు లీటర్లు కావాలి. అందులో సగం ఆరు గంటల్లోపే తాగాలి.

రోజూ దుడ్డెను నిలబెట్టి బొడ్డును బొటనవేలు, రెండు వేళ్ల మధ్య మెల్లగా పట్టి చూడండి. బాగున్న బొడ్డు రోజురోజుకూ ఎండి సన్నబడుతుంది. బొటనవేలి కన్నా లావై, వేడిగా ఉండి, ముట్టుకుంటే దుడ్డె నడుం వంచితే చీము పడుతున్నట్టే. వాసన, 103 డిగ్రీలు దాటిన జ్వరం, పాలు తాగకపోవడం, బొడ్డులోంచి ఉచ్చ కారడం, వీటిలో ఏ ఒక్కటి కనబడినా అదే రోజు పశువుల డాక్టరుకు చూపించండి, లేదా పశువుల అంబులెన్స్ నంబరు 1962కు ఫోన్ చేయండి. వాపు మెత్తగా ఉండి, నొప్పి లేక, నొక్కితే లోపలికి పోతుంటే అది పేగు జారడం కావచ్చు. చీము అనుకుని సూది గుచ్చితే పేగే తెగుతుంది.