తరగతి గదిలో తమాషా గేయాలు
ఒకటి, రెండు తరగతుల పిల్లలకు తమాషా గేయం నేర్పేటప్పుడు ముందే అర్థం వివరించకూడదు. లయ తప్పకుండా, చప్పట్లతో రెండుసార్లు చదివి వినిపిస్తే చాలు. 'చీమ తుమ్మితే ఏనుగు పడింది, దోమ నవ్వితే కొండ కదిలింది' వంటి పాదాలను నల్లబల్లపై రాసి, 'పడింది', 'కదిలింది' అనే మాటల కింద గీత గీయించి, చివర ఒకేలా వినిపిస్తున్న అంత్యప్రాసను పిల్లల చేతనే పట్టించాలి. తరువాత 'చీమ' ఉన్న చోటు ఖాళీగా వదిలి, తమకు తోచిన జంతువు పేరుతో పూరించమనాలి. 'కప్ప' అన్నప్పుడు లయ ఎందుకు కుదిరిందో, 'ఖడ్గమృగం' అన్నప్పుడు (ఎవరో ఒకరు తప్పక అంటారు) ఎందుకు తడబడిందో చప్పట్లే చెబుతాయి. పిల్లలు అర్థం లేని పదాలు పుట్టించినా దిద్దవద్దు, ఎందుకంటే అక్షరాలను కూడబలుక్కుని చదివే సాధనకు అవీ అక్కరకు వస్తాయి. కంఠస్థం చేయించి మార్కులు వేసే పద్ధతి మాత్రం నాకు నచ్చదు. బిడియపడే పిల్లలను మొదట బృందగానంలో కలిపి, ఆ తరువాతే ఒంటరిగా చెప్పమనడం మేలు.